ముందే తీసిన పిడికెడు

2009లో విరోధి నామ సంవత్సర ఉగాది శుక్రవారం నాడే వచ్చింది. గల్ఫ్‌లో ఉండేవాళ్ళకి అదెంత అదృష్టమో వేరే చెప్పనక్కరలేదు. పండగ మంగళవారం వస్తే ఆఫీసుకు వెళ్ళొచ్చి, రాత్రి ఇంత పచ్చడి నాలిక్కి రాసుకుని, అసలు పండగ వారాంతానికి వాయిదా వేసుకునే వాళ్ళం కదా మనం! ఆ ఏడు పండగా సెలవూ కలిసొచ్చాయని మస్కట్‌లో మా తెలుగు కుటుంబాలవాళ్ళం ఒక హాలు అద్దెకు తీసుకున్నాం. పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు, ఆ పైన భోజనాలు. భోజనాల లెక్క నా నెత్తిన పడింది.

"ఎంతమందికి చెయ్యమంటారు?" అని వంటాయన అడిగితే "నాలుగు వందల యాభై" అన్నాను. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందని అడక్కండి. కిందటేడు సాంబారు చాలలేదని ఒకావిడ అన్న మాట ఏడాది పొడుగునా నా చెవిలో ఉండిపోయింది. మళ్ళీ ఆ మాట పడకూడదన్నదే నా లెక్క. తీరా వచ్చింది రెండు వందల ఎనభై మంది.

సాయంత్రం నాలుగింటికి హాలు ఖాళీ చెయ్యాలి. మూత కూడా తియ్యని పులిహోర గిన్నెలు రెండు, వెజిటబుల్ బిరియానీ దేగిసాలు మూడు, సాంబారు, బొబ్బట్లు. పారెయ్యడానికి చేతులు రాలేదు. "లేబర్ క్యాంపులో ఇచ్చేద్దాం, పుణ్యమూ వస్తుంది" అన్నారెవరో. అందరికీ నచ్చింది. హాలు కడిగించి, లెక్కలు చూసి, మేమిద్దరం గిన్నెలు బండిలో వేసుకుని ఘాలా వైపు బయల్దేరేసరికి చీకటి పడింది.

క్యాంపులో మనవాళ్ళే ఎక్కువమంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్ళు. జగిత్యాల దగ్గరి కుర్రాడొకడు వచ్చి దేగిసా మూత తీశాడు, వాసన చూశాడు, మళ్ళీ మెల్లిగా మూత పెట్టాడు. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఒక క్షణం ఆలోచించినట్టున్నాడు.

"వాసనొస్తుంది సార్. పులిహోర బాగనే ఉన్నట్టుంది, అది తీసుకుంటం" అన్నాడు. తర్వాత నేలచూపులు చూస్తూ, "పొద్దుగాల ఒక్క మాట చెప్తె మేమే వచ్చి బంతిల కూసుంటుంటిమి గద సార్. గియ్యాల మాకు ఛుట్టీయే" అన్నాడు.

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో, నేనూ ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు బిరియానీ దేగిసాలు మూడూ చెత్తడబ్బాలో ఒంపాం. పండగ పూట, చీకట్లో, దొంగల్లాగా.

ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం. అన్నం వృథా కాకుండా చూడటమంటే మిగిలినదాన్ని ఎవరికివ్వాలా అన్న ప్రశ్న అనుకునేవాణ్ణి. అసలు ప్రశ్న అంతకంటే ముందుదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ దేశం కథా, మన ఊళ్ళ కథా కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే గాని తెలియలేదు.

ఖర్జూరం గింజ దాకా

ఇండియా నుంచి చుట్టాలొస్తే మనం తిప్పి చూపించే నాలుగైదు చోట్లలో నిజ్వా కోట ఒకటి. 17వ శతాబ్దం మధ్యలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన కోట. అందులో ఒక గదికి నేల చదునుగా ఉండదు. పొడుగునా సన్నటి గట్లు, వాటి మధ్య కాలవలు. మొదటిసారి చూసినప్పుడు స్నానాల గది కాబోలనుకున్నాను. అది ఖర్జూరాలు నిలవ చేసే గది, మద్బసా అంటారట. బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే పైబరువుకి అడుగు బస్తాల్లోంచి పాకం కారుతుంది. ఆ పాకం కాలవల వెంట వచ్చి కుండలో పడుతుంది. జబ్రీన్ కోటలోనూ ఇలాంటి గది ఉంది. పండు తిండికి, కారిన పాకం తీపికి. గింజ పశువులకి, మట్టలు ఇళ్ళ గోడలకి, మొద్దు ఇంటి దూలానికి. మన కొబ్బరిచెట్టు గురించి కోనసీమలో చెప్పుకునేదంతా ఇక్కడ ఖర్జూరచెట్టు గురించి చెప్పుకోవచ్చు.

1330 ప్రాంతంలో దోఫార్ వచ్చిన ఇబ్న్ బతూతా రెండు సంగతులు రాశాడు. అక్కడి పశువులకి మేత చిన్న చేపలని ఒకటి. అక్కడివాళ్ళు తినే బియ్యం ఇండియా నుంచి వస్తుందని రెండోది. చేపల సంగతి నిజమేనని మనమూ చూడొచ్చు. దోఫార్ తీరంలో ఇసుక మీద సార్డీన్లు ఎండబెట్టి ఒంటెలకీ ఆవులకీ పెట్టడం ఈ కాలం దాకా వచ్చింది. గడ్డి మొలవని చోట సముద్రమే గడ్డివాము. ఇక బియ్యం సంగతి ఆలోచించండి. ఏడు వందల ఏళ్ళ కిందటే ఈ తీరంలో ఉడికిన అన్నం ఓడలో సముద్రం దాటి వచ్చిందే. రుతుపవనం అనుకూలిస్తేనే ఓడ, ఓడ వస్తేనే బియ్యం. అలాంటి బియ్యాన్ని పారేసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

నీళ్ళ విషయంలో వీళ్ళ లెక్క ఇంకా గట్టిది. కొండల అడుగు నుంచి ఊళ్ళోకి నీరు తెచ్చే ఫలజ్ కాలవలు ఇప్పటికీ సుమారు 3000 పనిచేస్తున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ ఆ అయిదింటిలో ఒకటి. నీరు ఊళ్ళోకి రాగానే మొదట తాగడానికి, తర్వాత స్నానాలకీ మిగతా వాడుకకీ, ఆ తర్వాత ఖర్జూర తోటలకి, చివర మిగిలింది ఆ ఏటి పంటలకి. ఎవరి వాటా ఎంతసేపో కాలంతో కొలుస్తారు. ఒక అథర్ అంటే దాదాపు అరగంట. పగలు నీడ చూసి, రాత్రి నక్షత్రాలు చూసి కొలిచేవారట. నాకు నచ్చిందేమిటంటే, వాటా తేల్చుకునేది నీరు పారకముందే. పారి, మడి నిండి, పొర్లిపోయాక "ఎవరైనా పట్టుకుపోండి" అనడం ఆ పద్ధతిలో లేదు.

కుడితి గోలెం

మా ఊరు కోనసీమలో. మా నాయనమ్మ వంటింట్లో చెత్తబుట్ట ఉండేది కాదు. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉండి ఉండదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ వేసి ఉంచితే పొద్దున్నకి చద్దన్నం. ఉల్లిపాయో, ఆవకాయ బద్దో నంజుకుని తినేసి బడికి పరిగెత్తేవాళ్ళం. పెద్దల మాటని చద్దిమూటతో పోల్చారంటేనే చద్దికి మనవాళ్ళిచ్చిన విలువ తెలుస్తోంది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, కూరగాయ తొక్కలు, అరిటి డొప్పలు అన్నీ పెరట్లో కుడితి గోలెంలోకి వెళ్ళేవి. గేదె తాగేది. గేదె పేడ పెంటకుప్పలోకి, కుప్ప పొలంలోకి, పొలం నుంచి మళ్ళీ బియ్యం. వేసవిలో ఎక్కువ కాసినవి వడియాలు, ఒరుగులు, మజ్జిగ మిరపకాయలు అయ్యేవి. ఒమన్‌లో ఖర్జూరం గింజ ఆవుకు చేరడమూ, మా ఊళ్ళో గంజి గేదెకు చేరడమూ ఒకటే సూత్రం.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి ఉగాది ఉపన్యాసం అవుతుంది. "ఆ రోజులే వేరు" అని అందరం చప్పట్లు కొట్టుకుని బఫే దగ్గరికి వెళ్ళొచ్చు. కానీ ఆ గొలుసులో ఒక లంకె గురించి మనం మాట్లాడం. మిగిలిన అన్నమంతా మేము తినలేదు, అంతా గేదే తాగలేదు. కొంత పెరటి గుమ్మం దగ్గర పాలేరు పట్టుకున్న గిన్నెలో పడేది. పండగ మర్నాడు పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళ పళ్ళేల్లో పడేది. వాళ్ళు ముందు గుమ్మానికి రారు. బంతిలో కూర్చోరు. మనకి వృథా లేకపోవడానికి, మనది మిగిలితే తప్ప తమకి దొరకని మనుషులు గొలుసు చివర ఉండటం కూడా ఒక కారణం. ఆ రాత్రి ఘాలా క్యాంపు గుమ్మంలో నేను నిలబడ్డది మా నాయనమ్మ పెరటి గుమ్మంలోనే అని నాకు ఆలస్యంగా తట్టింది.

అయితే అదే నాయనమ్మకి ఇంకో అలవాటు ఉండేది. రోజూ సోలతో బియ్యం కొలిచాక, పొయ్యి మీద ఎసట్లో వెయ్యబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో వేరే కుండలో వేసేది. ఇంట్లో పదిమంది ఉన్నా తీసేది, ముగ్గురున్నా తీసేది. నెలాఖరుకి ఆ బియ్యం ఎవరో ఒకరికి వెళ్ళేది. ఎవరికో మాకు చెప్పేది కాదు. మిగిలింది పెట్టడం వేరు, ముందే తీసి పెట్టడం వేరు. ఒకే ఇంట్లో, ఒకే చేత్తో, రెండూ జరిగేవి. చిన్నప్పుడు నాకు తేడా తెలియలేదు.

కరువు నేర్పిన లెక్క

అన్నం పట్ల మన పెద్దవాళ్ళకున్న భయభక్తుల్లో భక్తి ఎంతో, భయమూ అంత ఉంది. 1876-78 నాటి ధాత కరువు కడప, కర్నూలు, బళ్ళారి వైపు ఊళ్ళకి ఊళ్ళే ఊడ్చేసింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరగారు వచ్చి, కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పౌనంటే దాదాపు 450 గ్రాములు. అది బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. ఈ సంగతి చదివినప్పుడు నేను మా ఉగాది లెక్క తీశాను. రాని నూట డెబ్భై మందికి, మనిషికి 150 గ్రాముల చొప్పున వేసుకున్నా పాతిక కిలోల బియ్యం. టెంపుల్ దొర కొలత ప్రకారం యాభై ఆరుగురు కూలీల ఒక రోజు తిండి. కొలతే మహా పిసినారి కొలత, నిజమే. అయినా ఆ అంకె నన్ను వదల్లేదు.

కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) ఉండేవారు. ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టేవారని ఆవిడ పేరు గోదావరికి ఇరుపక్కలా మోగింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. మా ఇంట్లో ముసలివాళ్ళు ఆవిడ గురించి చెప్పుకునే మాటల్లో నాకు ఇప్పుడు గుర్తొచ్చేది ఒకటే. అర్ధరాత్రి పడవ దిగి వచ్చినవాడికీ పొయ్యి రాజేసి వండి పెట్టేవారట. అంటే వచ్చినవాళ్ళని చూసి వండేవారు. వస్తారేమోనని వండి కుప్పలు పెట్టి, మిగిలాక మనుషుల్ని వెతకడం కాదు.

1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానమని దేశాన్ని అడిగారు. హోటళ్ళు కూడా సోమవారం సాయంత్రం మూసేవారని మా నాన్న చెప్పేవాడు. శాస్త్రిగారు "మిగిలింది ఇవ్వండి" అనలేదు, "ముందే వదులుకోండి" అన్నారు. మా నాన్న ఆ సోమవారాల అలవాటు చివరి దాకా మానలేదు. మేము దాన్ని శివుడి ఉపవాసం అనుకునేవాళ్ళం.

ఫ్రిజ్ వచ్చాక

ఒమన్ 1967లో చమురు ఎగుమతి మొదలుపెట్టింది. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ వచ్చేనాటికి దేశం మొత్తం మీద తారు రోడ్డు 10 కిలోమీటర్లు. ఆ తర్వాత యాభై ఏళ్ళలో ఈ దేశం ఎంత మారిందో మీకు నేను చెప్పేదేముంది, ఆ రోడ్లూ భవనాలూ కట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. రోడ్డు వచ్చింది, కరెంటు వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, పెద్ద బజారులో బస్తాల బియ్యం వచ్చింది. పోయింది ఒక్కటే, కుడితి గోలెం. మన వంటింటికీ పశువుకీ మధ్య ఉన్న దారి తెగిపోయింది.

ఫ్రిజ్ మీద నాకు కోపం లేదు. ఈ ఎండల్లో అది లేకపోతే బతకలేం. కానీ ఒక పని చేస్తుందది. పారెయ్యడాన్ని మూడు రోజులు వాయిదా వేస్తుంది. సోమవారం మిగిలిన పప్పు డబ్బాలో పెట్టినప్పుడు "దాచాను" అన్న తృప్తి, గురువారం పారేసేటప్పుడు "పాడైంది" అన్న సాకు. రెండు పూటలా మన తప్పు లేదు!

2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు మస్కట్‌లో ఉన్నవాళ్ళు దాన్ని మరిచిపోలేరు. 6వ తారీఖున కురుమ్ ప్రాంతం నీట మునిగింది. వాదీలు రోడ్లనీ కార్లనీ ఈడ్చుకుపోయాయి. మంచినీటి కర్మాగారాలు ఆగిపోయి చుట్టూ నీరున్నా తాగడానికి లేదు. మా భవనంలో కరెంటు పోయింది. రెండో రోజు పొద్దున్న ఎవరి ఫ్రీజర్‌లో ఏముందో అందరూ మెట్ల మీదకి తెచ్చారు. పాలక్కాడ్ వాళ్ళ చేపలు, కరాచీ వాళ్ళ మాంసం, మా ఇంటి బెండకాయ ముక్కలు, కింది అంతస్తు ఒమనీ కుటుంబం వాళ్ళ ఖర్జూరాలు. గ్యాస్ సిలిండర్లు ఉన్నవాళ్ళ ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి. మొదట ఏది పాడవుతుందో అది మొదట వండాలని ఒక పెద్దావిడ వరస పెట్టింది. నాలుగు రోజులు ఆ మెట్ల మీదే భోజనాలు. ఒక్క మెతుకు పోలేదు.

కరెంటు వచ్చిన రోజున మళ్ళీ ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నాం. మరో రెండేళ్ళకి నేను నాలుగు వందల యాభై మందికి వంట చెప్పాను. పాఠం వచ్చి గుమ్మంలో కూర్చున్నా నేర్చుకోలేదన్నమాట.

అది చాలదన్నట్టు 2023 జూలై 20న ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసిందని తెలియగానే నేనూ పరిగెత్తాను. సోనా మసూరి దొరకదేమోనని నాలుగు బస్తాలు తెచ్చి పడేశాను. మేమిద్దరమే తినేవాళ్ళం. ఏడాది తిరిగి, 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేసేనాటికి ఒక బస్తా నిండా పురుగు. కరువుకు భయపడి దాచినది కరువు రాకుండానే పోయింది. భయం కూడా అన్నాన్ని పాడుచేస్తుంది.

హోటలు బఫే, మన బంతి

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. కొనేవాడి దాకా వచ్చిన తిండిలో అది దాదాపు అయిదో వంతు. అందులో 60 శాతం ఇళ్ళ నుంచి, 28 శాతం హోటళ్ళూ క్యాంటీన్ల నుంచి, మిగతాది దుకాణాల నుంచి. పెళ్ళిళ్ళనీ హోటళ్ళనీ తిట్టుకుంటూ కూర్చుంటాం గానీ పెద్ద వాటా మన వంటింటిదే. కిలో బియ్యం పండడానికి సుమారు 2500 లీటర్ల నీరు కావాలంటారు. మా ఉగాది పాతిక కిలోలతో పాటు అరవై వేల లీటర్ల నీళ్ళూ ఒంపేశామన్నమాట. ఒంపిన అన్నం చివరికి చెత్తకుప్ప అడుగున, గాలి తగలని చోట కుళ్ళి మీథేన్ వాయువవుతుంది. గేదె కడుపులోకి వెళ్ళవలసినది ఆకాశంలోకి వెళ్తోంది.

హోటలు సంగతి ఒక మిత్రుడి దగ్గర తెలుసుకున్నాను. రూవీలో చాలా ఏళ్ళు వంటశాల నడిపినవాడు. బఫేలో వృథా ఎక్కడ పుడుతుందని అడిగితే "ఆఖరి గంటలో" అన్నాడు. మూడింటికి వచ్చే ఇద్దరి కోసం పాతిక రకాలూ నిండుగా కనిపించాలి. ఖాళీ పాత్ర కనిపిస్తే పరువు తక్కువ. అతను చేసిన మార్పులు చిన్నవే. రెండు గంటలు దాటాక పెద్ద పాత్రలు తీసి చిన్నవి పెట్టాడు. పూరీ, దోశ అడిగాకే వేయించాడు. మీల్స్‌లో అన్నం ముందే గుట్టగా పెట్టకుండా మారు వడ్డించాడు. రోజూ రాత్రి చెత్తబుట్ట తూకం వేసి గోడ మీద రాయించాడు. "తూకం రాయడం మొదలుపెట్టాక వంటవాళ్ళే తగ్గించేశారు, నేనేమీ అనక్కరలేకపోయింది" అన్నాడు.

ఒమనీ ఇళ్ళలో భోజనానికి పిలిస్తే చూసే ఉంటారు. ఒకే పెద్ద పళ్ళెం, దాని చుట్టూ అందరూ, ఎవరి ముందున్నది వాళ్ళు తింటారు. ఒకరి కంచంలో ఎంగిలి పడి మిగలడమన్నది ఉండదు. మన బంతి కూడా అలాంటిదే. వడ్డించేవాడు వచ్చి అడుగుతాడు, వద్దంటే చెయ్యి అడ్డం పెడతాం. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదు" అన్నారంటే, వడ్డనలో ఒక లెక్క, ఒక చూపు ఉన్నాయనే కదా. బఫేలో అడిగేవాడు లేడు. మళ్ళీ లైన్లో నిలబడాలన్న బద్ధకంతో ఒకేసారి నింపేసుకుంటాం. ఆ బద్ధకం ఖరీదే కంచంలో మిగిలే గులాబ్ జామూన్.

లెక్క ఎలా మారింది

ఆ ఉగాది అయ్యాక నేను ఒక శుక్రవారం ఘాలా వెళ్ళాను, ఈసారి ఖాళీ చేతులతో. ఆ జగిత్యాల కుర్రాడు వాళ్ళ మెస్ చూపించాడు. పదకొండు మంది. వంట వంతులవారీగా. బియ్యం కొలిచేది ఒక పాత పాల డబ్బాతో. రాత్రి డ్యూటీ ఎవరికో, ఎవరు తినరో పొద్దున్నే గోడ మీద పలక మీద రాస్తారు. నెలాఖరున ఖర్చు పదకొండు భాగాలు. "ఎక్కువ వండితె మా పైసలే గద సార్ పోయేది" అన్నాడు. మస్కట్‌లో తెలుగువాళ్ళ వంటిళ్ళన్నిటిలోకీ తక్కువ వృథా ఆ గదిలోనే అని నేను ప్రమాణం చేసి చెప్పగలను. మేము వాళ్ళకి అన్నం పంచడానికి వెళ్ళాం, నేర్చుకోవడానికి వెళ్ళవలసింది.

మర్నాటి ఉగాదికి పద్ధతి మార్చాం. వచ్చేవాళ్ళు రెండు రోజుల ముందే పేరు చెప్పాలి, పిల్లల్ని వేరేగా లెక్క కట్టాలి. క్యాంపుల్లో వాళ్ళని పొద్దున్నే పిలిచాం, బస్సు పెట్టాం, మొదటి బంతిలో కూర్చోబెట్టాం. వంటాయనతో సగం బియ్యం మాత్రమే ముందు వండించి, మొదటి బంతి లేస్తుండగా తలలు లెక్కపెట్టి మిగతాది ఎసట్లో వేయించాం. మిగిలినవి మిగలగానే చల్లార్చి, చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లోకి పంపాం. ఇది చిన్న సంగతి కాదండోయ్. నీళ్ళు పోసి పులియబెట్టిన చద్దన్నం వేరు, వేడి దేగిసాలో మూతపెట్టి వదిలేసిన బిరియానీ వేరు. వండిన పదార్థం బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. ఇతరులకి ఇచ్చేదయితే మరీ జాగ్రత్త.

అన్నీ సవ్యంగా జరిగాయా అంటే, ఆఖరి బంతికి సాంబారు చాలలేదు. ఆ పాత మాటే మళ్ళీ పడింది. ఈసారి అందరం నవ్వుకుని రసంతో కానిచ్చాం. గిన్నెలు మాత్రం ఖాళీ.

ఇంట్లో కూడా కొన్ని మార్చుకున్నాం. మా నాయనమ్మ ఇత్తడి సోల ఊరి నుంచి తెచ్చి బియ్యం డబ్బాలో పడేశాను. ఫ్రిజ్‌లో పై అరలో ఎదరగా "ముందు తినవలసినవి" అని ఒక పళ్ళెం. బుధవారం రాత్రి కొత్త కూర వండం, ఉన్నవే. ఇవేమీ గొప్ప సంగతులు కావు. కొలత కళ్ళ ముందు ఉంటే చాలు, చెయ్యి అదే తగ్గుతుంది.

ఆ సోల వచ్చాక పిడికెడు కూడా వచ్చింది. కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తాం. మా ఇంట్లో చూసి ఇంకొన్ని కుటుంబాలు మొదలుపెట్టాయి. ఏడాదికి పోగైన ఆ బియ్యంతోనే ఉగాది వంట చేద్దామని ఒక ఏడు అనుకున్నాం. ఎవరెవరు ఎన్ని కిలోలు తెస్తారో కాగితం మీద రాస్తూంటే ఘాలా నుంచి ఫోను వచ్చింది.

"సార్, మా మెస్‌ది సుత రాసుకోండ్రి. పదకొండు మందిమి, రోజుకొక్క పిడికెడు."

రాసుకున్నాను. ఆ ఉగాదికి బంతిలో కూర్చున్నవాళ్ళలో పెట్టేవాళ్ళెవరో, తినేవాళ్ళెవరో విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు.